ఇంజను శ్వాస – ఎం.జి. స్పోర్ట్సు కారు

మన రహదారులపై అర్ధ శతాబ్దానికి పైగా తిరిగిన అంబాసిడరు కారును ఎరుగనివారు ఉండరు. పెండ్లికొడుకు ఊరేగినా, కలెక్టరుగారు దౌరాకు వెళ్ళినా, రైల్వే స్టేషనులో టాక్సీ కోసం నిలబడినా అదే కారు. 2014లో దాని ఉత్పత్తి ఆగిపోయినది. దానిని స్పోర్ట్సు కారుతో పోల్చితే ఎవరికైనా నవ్వు వస్తుంది. అయితే, 1955లో ఇంగ్లండులోని అబింగ్డన్ పట్టణం నుండి వెలువడిన ఎం.జి.ఏ. అనే సుప్రసిద్ధమైన రెండు సీట్ల స్పోర్ట్సు కారును, 1950ల చివర నుండి మన అంబాసిడరును నడిపినది ఒకే వంశానికి చెందిన ఇంజను అని చెబితే ఆ నవ్వు ఆశ్చర్యంగా మారక తప్పదు. బ్రిటిష్ మోటారు కార్పొరేషను వారి బి-సిరీస్ ఇంజను అది. సిలిండరు వ్యాసం 73.025 మిల్లీమీటర్లు, పిస్టను ప్రయాణించే దూరం 88.9 మిల్లీమీటర్లు, సిలిండర్లు నాలుగు; వెరసి 1489 ఘన సెంటీమీటర్లు. ఈ కొలతలు రెండింటికీ సమానమే. కాని అంబాసిడరు ఇంజను ఇచ్చినది సుమారు 50 నుండి 55 అశ్వశక్తి, ఎం.జి.ఏ. ఇంజను ఇచ్చినది మొదట 68, కొద్దికాలానికే 72.

అదే ఇనుము, అదే ఘనపరిమాణం. మరి ఆ అదనపు శక్తి ఎక్కడి నుండి వచ్చినది? భౌతికశాస్త్ర విద్యార్థులమైన మేము ముగ్గురం ఈ ప్రశ్న వెంట ఒక సంవత్సరం తిరిగినాము. అందుకు కారణం కేవలం జ్ఞానతృష్ణ కాదని ముందే ఒప్పుకొనుట న్యాయం. మా అర్ధజ్ఞానం వలన ఒక పెద్దమనిషికి నష్టం కలిగినది. ఆ సంగతి తరువాత చెప్పెదము.

పెట్రోలు ఇంజనును చాలమంది పెట్రోలు త్రాగే యంత్రంగా భావిస్తారు. నిజానికి అది గాలి పీల్చే యంత్రం. ఒక వంతు పెట్రోలు పూర్తిగా దహనం కావలెనంటే బరువులో దానికి 14.7 వంతుల గాలి కావలెను. ఒక లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలోగ్రాముకు కొంచెం తక్కువ. దానికి వలసిన గాలి సుమారు 11 కిలోగ్రాములు, అనగా రమారమి 9,000 లీటర్లు. ఒక చిన్న గది నిండా ఉండే గాలి! పెట్రోలును ఎంత కావలెనంటే అంత పోయవచ్చును, దానికి ఒక చిన్న రంధ్రం చాలును. గాలిని లోపలికి రప్పించుటే కష్టం. కనుక ఇంజను శక్తిని పెంచుట అనే విద్యలో మొదటి అధ్యాయమూ, చివరి అధ్యాయమూ గాలికి సంబంధించినవే.

గాలికి దొరికే వ్యవధి ఎంతో చూడండి. ఎం.జి.ఏ. ఇంజను నిమిషానికి 5,500 చుట్లు తిరిగేటప్పుడు ఒక చుట్టుకు పట్టే కాలం సెకనులో 90వ వంతు. పిస్టను పైనుండి క్రిందికి దిగి గాలిని పీల్చుకొనేది అందులో సగం కాలం మాత్రమే, అనగా సెకనులో 180వ వంతు. కనురెప్ప వేసేలోపల అనేక పర్యాయాలు ఈ శ్వాస జరిగిపోతుంది. ఆ కొద్ది వ్యవధిలో గాలి ఫిల్టరును దాటి, కార్బ్యురేటరు గొంతును దాటి, మానిఫోల్డు గొట్టంలో మలుపు తిరిగి, సిలిండరు హెడ్డులోని మార్గం గుండా వచ్చి, వాల్వు అంచు చుట్టూ ఉన్న సన్నని సందులోనుండి లోపలికి దూరవలెను. దారిలో ఎక్కడ ఇరుకు ఉన్నా, ఎక్కడ పదునైన మలుపు ఉన్నా పీడనం పడిపోయి, సిలిండరు పూర్తిగా నిండదు. వేగం పెరిగినకొద్దీ ఈ కొరత పెరుగుతుంది. సాధారణపు కారు ఇంజను నాలుగు వేల పైచిలుకు చుట్లకే ఆయాసపడి శక్తి తగ్గుటకు కారణం ఇదే.

బి-సిరీస్ ఇంజనులో ఈ ఆయాసానికి ఒక పుట్టు కారణం ఉన్నది. నాలుగు సిలిండర్లకు నాలుగు గాలి మార్గాలు ఉండవలసినది పోయి రెండే ఉన్నవి. పక్కపక్కనున్న రెండేసి సిలిండర్లు ఒకే మార్గాన్ని పంచుకొంటాయి. ఉమ్మడి కుటుంబంలో ఒకే కుళాయి వలె, ఒకరు పట్టుకొనేటప్పుడు రెండవవారికి ధార సన్నబడుతుంది. ఈ హెడ్డులోని హృదయాకారపు దహన గదిని రూపొందించిన హారీ వెస్లేక్ గాలి ప్రవాహాన్ని కొలిచి చూచి లోహాన్ని మలచిన నిపుణుడు. ఉన్న పరిమితిలోనే గాలికి ఒక సుడి తిరుగుడు కల్పించి దహనం వేగంగా జరిగేటట్లు ఆయన చేసినాడు.

ఎం.జి. అను రెండక్షరాలకు మూలం మారిస్ గరాజెస్. అది ఆక్స్‌ఫర్డులో విలియం మారిస్‌కు చెందిన అమ్మకపు, మరమ్మతుల దుకాణం. 1922లో దానికి మేనేజరైన సెసిల్ కింబర్ సాధారణపు మారిస్ కార్లను తీసుకొని, వాటికి సొగసైన శరీరాలు తొడిగి, ఇంజనుకు చురుకు తెప్పించి అమ్మసాగినాడు. 1925లో తానే సిద్ధం చేసిన కారుతో లాండ్స్ ఎండ్ పరీక్షలో స్వర్ణ పతకం పొందినాడు. ఇంటింటి కారులోనుండి స్పోర్ట్సు కారును వెలికితీయుటే ఆ సంస్థ పుట్టుక నాటి వృత్తి. అబింగ్డన్ కర్మాగారం 1980లో మూతపడినది. 2019 నుండి మన దేశంలో ఆ పేరుతో అమ్ముడవుతున్న కార్లకు పాతవాటితో పేరు బంధుత్వమే తప్ప లోహ బంధుత్వం లేదు.

ఇక అబింగ్డన్ వారు అంబాసిడరు అన్నదమ్ముడైన ఇంజనుకు చేసినదేమి? ముఖ్యంగా ఒక కార్బ్యురేటరు స్థానంలో రెండు అమర్చినారు. ఒక్కొక్క ఉమ్మడి మార్గానికి ఒక్కొక్కటి చొప్పున ఎదురుగా పెట్టుట వలన గాలి మెలికలు తిరగకుండ నేరుగా లోపలికి పోతుంది. అవి ఎస్.యు. అను రకం. ఈ పేరు స్కిన్నర్స్ యూనియను అను మాటలకు పొడి అక్షరాలు. స్కిన్నర్లది చెప్పుల వ్యాపార కుటుంబం, తొలినాటి ఎస్.యు. కార్బ్యురేటరులో గాలితిత్తి తోలుతో చేసినదే! తరువాత తిత్తి పోయి లోహపు పిస్టను వచ్చినది. దీని పని చూడ ముచ్చటగా ఉంటుంది. ఇంజను ఎక్కువ గాలి కోరినకొద్దీ ఈ చిన్న పిస్టను తానే పైకి లేచి దారి వెడల్పు చేస్తుంది. దాని అడుగున వ్రేలాడే సూది క్రిందికి పోనుపోను సన్నబడుతుంది. పిస్టనుతోపాటు సూది లేచినప్పుడు పెట్రోలు రంధ్రంలో ఖాళీ పెరిగి, గాలికి తగినంత పెట్రోలు వస్తుంది. సూది వాలు ఎట్లున్నదో మిశ్రమం అట్లుంటుంది. కావుననే గాలి మార్గంలో ఏ మార్పు చేసినా సూదిని మార్చవలెనా అని విచారించుట తప్పనిసరి. ఈ ఒక్క వాక్యం ఆనాడు మాకు తెలిసి ఉండినట్లయితే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు.

రెండు కార్బ్యురేటర్లు సమానంగా పీలుస్తున్నవో లేదో తెలిసికొనుటకు ఖరీదైన పరికరం అక్కరలేదు. ఒక మూర రబ్బరు గొట్టం తీసుకొని, ఒక చివర చెవి దగ్గర, రెండవ చివర కార్బ్యురేటరు నోటి దగ్గర ఉంచి విన్నచో 'స్‌...' అను బుసబుస వినిపిస్తుంది. రెండింటి బుస ఒకే శ్రుతిలో కలిసేవరకు మరలు సర్దవలెను. పిదప చిన్న పిస్టనును స్క్రూడ్రైవరు కొనతో ఒక మిల్లీమీటరు కంటె తక్కువగా పైకెత్తి చూడవలెను. ఇంజను వేగం పెరిగి అట్లే నిలిచినచో పెట్రోలు ఎక్కువైనదని, మందగించి ఆగబోయినచో తక్కువైనదని, ఒక్క క్షణం కొంచెం పెరిగి సర్దుకొన్నచో సరిగా ఉన్నదని అర్థం. స్పార్కు ప్లగ్గు రంగు మరొక సాక్షి. గోధుమ వన్నె క్షేమం. నల్లని మసి పెట్రోలు అధికమనుటకు, తెల్లని పొడి పెట్రోలు కొరత అనుటకు గుర్తులు. మాకు ఇవన్నీ నేర్పిన ఉస్తాద్‌గారు పాతబస్తీలో నలభై ఏండ్లుగా పనిచేస్తున్నవారు. "గాడీకి కూడా సాన్స్ ఉంటుంది బాబూ, ముందు దానిని వినుట నేర్చుకోండి" అని వారి మొదటి మాట.

ఎయిర్ ఫిల్టరు విషయంలో యువకులకు భ్రమ ఎక్కువ. ఫిల్టరు గాలిని అడ్డుకొంటుంది, కావున దానిని పీకివేస్తే శక్తి పెరుగునని తలుస్తారు. శుభ్రమైన మంచి ఫిల్టరు కలిగించే అడ్డంకి అత్యల్పం. దానిని తీసివేయుట వలన పెరిగేది ముఖ్యంగా చప్పుడు. చప్పుడును శక్తి అని పొరబడుట ఈ వయసులో సహజమే. గాలి మార్గంలో నిజమైన లాభం తెచ్చేవి రెండు. మొదటిది చల్లదనం. ఇంజను పక్కనుండే గాలి 60 డిగ్రీలున్నదనుకొందాము. బయటి గాలి 30 డిగ్రీలు. పరమ ఉష్ణోగ్రతలో లెక్కించినచో 333, 303. అనగా వేడి గాలి సాంద్రత చల్లని గాలి కంటె తొమ్మిది శాతం తక్కువ. అంత మేరకు ప్రాణవాయువూ తక్కువే, శక్తీ తక్కువే. రేడియేటరు ముందునుండి ఒక గొట్టం ద్వారా చల్లని గాలిని తెచ్చి ఫిల్టరుకు అందించుట అందుకే ప్రయోజనకరం. మన హైదరాబాదు సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉన్నందున విశాఖపట్నంలో కంటె ఇక్కడి ఇంజను అయిదారు శాతం పలుచని గాలి పీలుస్తున్నదని కూడా తెలిసికొనదగును. రెండవది, కార్బ్యురేటరు నోటికి బాకా ఆకారపు గొట్టం తొడుగుట. అంచు గుండ్రంగా ఉన్నచో గాలి చెదరకుండ దూరుతుంది. గొట్టం పొడవు తగిన విధంగా ఉన్నచో, వాల్వు మూసుకొన్నప్పుడు వెనుకకు కొట్టిన పీడన తరంగం మరల ముందుకు వచ్చే సమయానికి వాల్వు తెరుచుకొని, కొంత గాలి అదనంగా చొరబడుతుంది. పిల్లనగ్రోవిలో స్వరం పలికించే సూత్రమే ఇది. అయితే ఆ మేలు ఒక నియమిత వేగం వద్దనే లభిస్తుంది.

లోపలికి వచ్చిన గాలి బయటకు పోవుటకు దారి కావలెను గనుక పొగగొట్టం, వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచుటకు క్యాము షాఫ్టు మార్చుట కూడా ఈ విద్యలో భాగాలే. పందెపు క్యాము వేసిన ఇంజను ఎక్కువ చుట్ల వద్ద విజృంభిస్తుంది, కాని నిలిచి ఉన్నప్పుడు దగ్గుతుంది, బజారు రద్దీలో విసిగిస్తుంది.

పిస్టను గాలిని ఎంతగా నొక్కుతుందో అదే సంపీడన నిష్పత్తి. హెడ్డు అడుగుభాగం కొద్దిగా చెక్కినచో దహన గది చిన్నదై ఆ నిష్పత్తి పెరుగుతుంది, అదే పెట్రోలు నుండి ఎక్కువ పని లభిస్తుంది. కాని అతిగా నొక్కబడి వేడెక్కిన మిశ్రమం, స్పార్కు నుండి మంట ప్రాకి రాకముందే ఒక మూలన తనంతట తాను భగ్గుమనవచ్చును. అప్పుడు వినిపించే 'టక్ టక్' శబ్దమే నాకింగు. స్పార్కును మరీ ముందుగా ఇచ్చినా, పెట్రోలు కొరతపడినా, ఆక్టేను తక్కువైనా ఇదే ప్రమాదం. అది పిస్టను నెత్తిపై సుత్తితో కొట్టుటతో సమానం.

ఎం.జి. చరిత్రలోనే దీనికొక దుఃఖకరమైన దృష్టాంతం ఉన్నది. 1958లో ఎం.జి.ఏ. ట్విన్ క్యామ్ అను కారు వెలువడినది. అదే ఇంజను దిమ్మపై కొత్త హెడ్డు, రెండు క్యాము షాఫ్టులు, 1588 ఘన సెంటీమీటర్లు, సంపీడన నిష్పత్తి 9.9, శక్తి 108 అశ్వశక్తి! కాగితంపై అద్భుతం. రహదారిపై మాత్రం పిస్టన్లకు రంధ్రాలు పడసాగినవి. స్పార్కు సమయమే కారణమన్నారు, పెట్రోలు నాణ్యత అన్నారు, నడిపేవారి దుడుకుతనం అన్నారు. చివరకు సంపీడన నిష్పత్తిని 8.3కు తగ్గించినారు. అప్పటికే పేరు చెడినది. రెండు వేల పైచిలుకు కార్లు మాత్రమే తయారై 1960లో ఆ నమూనా ముగిసినది. తరువాతి కాలంలో ఆ కార్లను ప్రేమతో కాపాడుకొన్నవారు అసలు దోషాన్ని కార్బ్యురేటర్లలో కనుగొన్నారు. ఇంజను ఒకానొక వేగం వద్ద కంపించినప్పుడు గట్టిగా బిగించిన కార్బ్యురేటర్లు దానితోపాటు వణికి, వాటి తొట్టిలోని పెట్రోలు నురుగు కట్టి, మిశ్రమం పలుచబడేది. కార్బ్యురేటర్లను రబ్బరు మెత్తతో బిగించగానే బాధ చాలవరకు తీరినది! అనునాదం గురించి మేము ప్రయోగశాలలో శ్రుతిదండంతో నేర్చుకొన్న పాఠం ఒక కారు ప్రాణం తీసినదన్నమాట.

ఇప్పుడు మా సంగతి. మాలో ఒకరి తండ్రిగారికి పాత అంబాసిడరు ఒకటి ఉన్నది. మేమందరం వారిని చాచా అంటాము. తెల్లగా తుడిచి, పూలు కట్టి, పెండ్లిండ్లకు బాడుగకు త్రిప్పుట వారి జీవనం. రెండు సంవత్సరాల క్రిందట వేసవి సెలవులలో మేము ఎం.జి.ఏ. కథ చదివి, చాచాకు చెప్పకుండ ఫిల్టరు డబ్బా విప్పివేసినాము. డిస్ట్రిబ్యూటరును కొంచెం త్రిప్పి స్పార్కును ముందుకు జరిపినాము. కారు గర్జించినది. చాచా కూడా నవ్వి ఊరుకొన్నారు. పదిహేను రోజులకు పెండ్లివారిని ఎక్కించుకొని వికారాబాదు దగ్గర అనంతగిరి చడావు ఎక్కుతుండగా టక్ టక్ మొదలైనది. ఎండ, బరువు, ఎత్తు మూడూ కలిసినవి. వెనుక నుండి నీలిపొగ వచ్చి కారు నిలిచిపోయినది. పెండ్లికొడుకు బస్సులో వెళ్ళినాడు.

హెడ్డు విప్పి చూడగా మూడవ పిస్టను నెత్తిపై చిటికెన వ్రేలంత రంధ్రం. సిలిండరు గోడలపై పొడవైన గీతలు. అది ఫిల్టరు లేక లోపలికి పోయిన ధూళి చేసిన పని. ధూళి, నూనె కలిసినచో గరుకు కాగితం వంటి లేపనమే. చాచా ఆ నెలలో మూడు పెండ్లిండ్ల బయానా తిరిగి ఇచ్చివేసినారు. మమ్ములను ఒక్క మాట అనలేదు. అదియే మాకు భరించరానిదైనది. ఉస్తాద్‌గారు మాత్రం ఊరుకోలేదు. "గాలి దారి తెరిచినారు సరే, పెట్రోలు దారి చూసినారా? చూడకుండ స్పార్కు ఎందుకు జరిపినారు?" అన్నారు. మా దగ్గర జవాబు లేదు. ఆ ఏడాది ప్రతి ఆదివారం వారి షెడ్డులో పనిచేసి బోరింగు ఖర్చులో కొంత తీర్చినాము. ఈ వ్యాసంలోని సగం విద్య అక్కడ అబ్బినదే.

ఇదే ఇంజను వంశం క్రమశిక్షణతో ఎంతవరకు పోగలదో చెప్పకపోతే దానికి అన్యాయం చేసినవారమవుతాము. 1957 ఆగస్టులో అమెరికాలోని బోన్‌విల్ ఉప్పు మైదానంపై స్టర్లింగ్ మాస్ ఇ.ఎక్స్. 181 అను కన్నీటిబొట్టు ఆకారపు ఎం.జి. కారును గంటకు 245.64 మైళ్ళ వేగంతో, అనగా 395 కిలోమీటర్లతో నడిపినాడు. దానిలోనిది ఆ ట్విన్ క్యామ్ ఇంజను తొలిరూపమే. ఘనపరిమాణం అక్షరాలా మన 1489. గాలిని పీల్చుకొనుటకు వదలక, సూపరుచార్జరు అను పంపుతో బలవంతంగా లోపలికి నెట్టినందున 290 అశ్వశక్తి వచ్చినది. అంబాసిడరుకు అయిదు రెట్లు! 1959లో ఫిల్ హిల్ అదే కారును 254 మైళ్ళు దాటించినాడు. అయితే ఆ ఇంజను బ్రతకవలసినది కొద్ది నిమిషాలు మాత్రమే. చాచా కారు ముప్పయి ఏండ్లు బ్రతుకవలెను.

నేటి కార్లలో కార్బ్యురేటరు లేదు. గాలిని కొలిచే సెన్సారు, పొగలో ప్రాణవాయువును కొలిచేది, నాకింగును చెవియొగ్గి వినేది ఉన్నవి. ఒక చిన్న కంప్యూటరు క్షణక్షణం పెట్రోలును, స్పార్కును నిర్ణయిస్తుంది. దానిలోని పట్టికను మార్చుటే నేటి ట్యూనింగు. టర్బో గల ఇంజనులో గాలి పీడనమే పెంచవచ్చును గనుక ఫలితం గణనీయం; టర్బో లేనిచోట స్వల్పం. పాత కార్లకు మాత్రం కొత్త చిక్కు వచ్చినది. మన పెట్రోలులో ఇప్పుడు 20 శాతం వరకు ఎథనాలు కలుస్తున్నది. ఎథనాలుకు వలసిన గాలి తొమ్మిది వంతులే. ఆ మిశ్రమానికి లెక్క 14.7 నుండి 13.5కు దిగుతుంది. పాత సూదితో నడిచే కార్బ్యురేటరు ఈ సంగతి ఎరుగదు, కనుక మిశ్రమం పలుచబడుతుంది. ఎథనాలుకు ఆక్టేను ఎక్కువగుట కొంత రక్షణ. అయినను సూది, జెట్టు మరల సరిచూచుకొనుట మేలు.

చట్టం మాటకు వస్తే, 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు; 2019 సవరణ తరువాత ప్రతి మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా లేక ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఫిల్టరు పీకి, సైలెన్సరు కోసి రాత్రివేళ వీధులలో తిరిగే మిత్రులు ఇది గమనింతురుగాక. వేగం కావలెననువారికి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోను, కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వేలోను పందెపు బాటలు ఉన్నవి.

చాచా కారు ఇప్పుడు మరల పెండ్లిండ్లకు పోతున్నది. ఉస్తాద్‌గారి అనుమతితో, చాచా అనుమతితో మేము దానికి ఒకే ఒక సవరణ చేసినాము. ఫిల్టరు డబ్బా మూతికి రేడియేటరు పక్కనుండి చల్లని గాలి తెచ్చే ఒక మెత్తని గొట్టం బిగించినాము. ఫిల్టరు యథాస్థానంలో ఉన్నది. వెయ్యి కిలోమీటర్లు నడిచిన పిదప ప్లగ్గులు విప్పి చూచినాము. నాలుగూ గోధుమ వన్నెలో ఉన్నవి.